పైకి చదివితేనే

“ముందు ఆ కీబోర్డు ఆయన ఒళ్లోంచి తీసెయ్ అక్కా. నెత్తి మీద సుత్తితో కొడుతున్నట్టుంది,” అన్నాడు తమ్ముడు బల్ల కింద నుంచి.

అక్క తీయలేదు. తండ్రి చక్రాల కుర్చీలో కూర్చుని, ఒళ్లో వెడల్పాటి కీబోర్డు పెట్టుకుని, ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో మీటా వెతికి నొక్కుతున్నారు. ఎదురుగా బల్ల మీద మానిటర్ నల్లగా ఉంది. తెల్లవారి లేచేసరికే అలా ఉంది. అప్పటినుంచి ఎన్ని తీగలు లాగినా, ఎన్ని గుచ్చినా అలాగే ఉంది.

“నాన్నా, స్క్రీన్ పోయింది. నువ్వేం కొట్టినా మాకు కనబడదు,” అని తమ్ముడు తల బయటపెట్టి గట్టిగా చెప్పాడు. పక్షవాతం ఆయన గొంతునీ కుడిచేతినీ పట్టుకుపోయింది గానీ చెవుల జోలికి పోలేదు. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, తండ్రితో మాట్లాడేటప్పుడు తమ్ముడి గొంతు దానంతటదే పెరిగిపోతుంది.

టక్. కాసేపాగి, టక్.

“వినబడిందా అసలు?”

“వినబడింది. నీ గొంతు వీధి చివరిదాకా వినబడింది,” అంది అక్క.

రాత్రి అన్నాల దగ్గర వీళ్లిద్దరూ ఆయన్ని అడిగిన మాటకి జవాబు రావాల్సిన పొద్దు ఇది. అక్క ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్. దూరంగా కొత్తగా తెరిచిన ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగమంతా ఆమెకి అప్పగిస్తామన్నారు. ఉండటానికి నర్సుల హాస్టల్లో గది ఇస్తారు. ఆ గదిలో చక్రాల కుర్చీ పట్టదు. ఆమె వెళ్తే తండ్రి తమ్ముడి ఊళ్లో ఉన్న వృద్ధుల హోమ్‌కి వెళ్లాలి. ఆయన వెళ్లనంటే ఆమె కదలదు. ఆయన ఏది చెబితే అదే చేస్తామని ఇద్దరూ మాటిచ్చారు.

“తొందరేం లేదు నాన్నా. రాత్రి ఆలోచించుకో, పొద్దున రాద్దువుగాని,” అంది అక్క.

ఎందుకైనా మంచిదని ముందే చెప్పిపెట్టిన హోమ్ బండి మధ్యాహ్నానికి వస్తుంది. కొత్త ఆసుపత్రి సూపరింటెండెంట్ ఆలోపే ఫోన్ చేస్తానన్నారు. ఆలోచించుకోవడానికి రాత్రి ఇచ్చినవాళ్లకి, చెప్పుకోవడానికి దారే లేకుండా పోతుందని మాత్రం తట్టలేదు.

“డాక్ పోయిందేమో,” అన్నాడు తమ్ముడు, లాప్‌టాప్ పక్కనున్న చిన్న నల్ల పెట్టెని చేత్తో తడుతూ. మానిటర్ తీగా, కీబోర్డు తీగా, కరెంటు తీగా అన్నీ వచ్చి ఆ పెట్టెలో దూరతాయి. దాంట్లోంచి ఒకే ఒక్క తీగ లాప్‌టాప్‌కి వెళ్తుంది. “దీన్ని తీసేసి స్క్రీన్ తీగ తిన్నగా లాప్‌టాప్‌కే పెడితే?”

“ఆ కన్నం వంగిపోయింది. అందుకే డాక్ కొన్నాను.”

“లాప్‌టాప్ మూత తెరిచి దాని స్క్రీన్‌లోనే చూస్తే?”

“పగిలిపోయింది కదరా. ఆసుపత్రిలో పక్కన పడేస్తే తెచ్చుకున్నదాన్ని.”

“టీవీకి పెడితే?”

“డబ్బా టీవీకి ఈ తీగ ఎక్కడ పెడతావు? నెత్తి మీదా?”

వంటగది గుమ్మంలో నిలబడ్డ మరదలికి నవ్వొచ్చింది గానీ మింగేసుకుంది. మొగుడి మొహం నవ్వేలా లేదు.

“అయితే ఒక్కటే దారి,” అని తమ్ముడు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. “ఆపేసి మళ్లీ వేద్దాం. ప్రపంచమంతా చేసేది అదే.”

అతను లాప్‌టాప్ మూత ఎత్తాడు. లోపలి తెర సాలెగూడులా పగిలి ఉంది. మీటల మూల ఉన్న పవర్ బటన్ మీద వేలు పెట్టాడో లేదో, అక్క వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

“ఆపకు.”

“ఎందుకు?”

“రాత్రి పేజీ తెరిచే పెట్టాను. ఆయన ఏమైనా రాసి ఉంటే దాంట్లోనే ఉంటుంది. సేవ్ చేసింది కాదు. ఆపితే పోతుంది.”

“పోతే మళ్లీ రాస్తారు.”

“ఒక్క మాట రాయడానికి ఆయనకి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసా? పండక్కి చుట్టంలా వచ్చి చూసి పోయేవాడివి, నీకేం తెలుస్తుంది.”

అనేశాక అనకుండా ఉండాల్సిందనుకుంది. తమ్ముడు చెయ్యి విడిపించుకున్నాడు. మూత తెరిచే ఉండిపోయింది. కుర్చీలోంచి మళ్లీ టక్‌మంది.

చక్రాల కుర్చీకి రాకముందు ఆయన బోర్డులు రాసేవారు. షాపుల బోర్డులు, డాక్టర్ల బోర్డులు, ‘ఇక్కడ చెత్త వేయరాదు’ బోర్డులు. ఆ పనిలో ఆయనకో కట్టుబాటు ఉండేది. రాసిన బోర్డుని, రాయించుకున్నవాడు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివితే తప్ప స్టాండు మీంచి దించనిచ్చేవారు కాదు. బాగుందని తల ఊపి పట్టుకుపోయినవాళ్లే మర్నాడు ఫోన్ నంబరు తప్పుపడిందని ఒంటికాలి మీద లేచి వచ్చేవారు మరి. “తల ఊపడం ఒప్పుకోవడం కాదు. చదువు,” అనేవారు. ఎంత పెద్దమనిషైనా సరే, రోడ్డు మీద నిలబడి తన షాపు పేరు తానే ఒకటో తరగతి పిల్లాడిలా చదవాల్సి వచ్చేది.

ఇంట్లోనూ అంతే. పిల్లలు తప్పు చేసి తల ఊపితే వదిలేవారు కాదు, నోటితో చెప్పేదాకా నిలబెట్టేవారు. ఆయన కూడా ఎవరికీ ఎప్పుడూ తల ఊపలేదు. మాట పోయాక డాక్టర్లు “నొప్పిగా ఉందా, ఉంటే తల ఊపండి” అని ఎంత బతిమాలినా కళ్లు మూసుకునేవారు. ఎడమచేత్తో రాయమని పలకిస్తే ఒకే ఒక్క అక్షరం గీసి, దాని వంకర చూసి, పలకని అవతలికి తోసేశారు. మీట నొక్కితే పడే అక్షరానికి వంకర ఉండదు కనక ఈ కీబోర్డుని ఒప్పుకున్నారు. దాని మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించింది అక్కే.

ఇప్పుడు ఆయన తెర మీద రాసిందాన్ని గదిలో ఉన్నవాళ్లెవరైనా పైకి చదవాలి. చదివితేనే ఆయన చెప్పినట్టు. మనసులో చదివేసుకుని జవాబిస్తే కుర్చీ చేతి మీద గోటితో కొడతారు. ‘కాఫీలో పంచదార తక్కువైంది’ అని రాసినా సరే, చదవాల్సిందే. ఆయన వేలు చూసి మీటల మీదే చదవబోతే రాయడం ఆపేస్తారు, ఫోన్‌లో మీటలైతే ఆయన కంటికి ఆనవు.

తమ్ముడు చెప్పులేసుకుని వెళ్లి వీధి చివర షాపులో కొత్త తీగ కొనుక్కొచ్చాడు. పాతది లాగి కొత్తది పెట్టాడు. తెర నల్లగానే ఉంది. దాన్ని డాక్‌లో ఇంకో కన్నంలోకి మార్చాడు. మానిటర్ కింద ఉన్న బటన్లన్నీ వరసపెట్టి నొక్కాడు. దాని వీపు మీద చరిచాడు కూడా. చెమటలు పట్టడం తప్ప ఏమీ జరగలేదు.

“రాత్రి బానే ఉందిగా,” అంది మరదలు, ఎవరితోనూ కాకుండా. “వదినే పడుకునేముందు దాన్ని అటూ ఇటూ జరిపారు.”

“మంచం మీంచి ఆయనకి కనబడాలని ఇటు తిప్పాను,” అంది అక్క.

“నేనేదో అన్నానని కాదు వదినా. జరిపారని అన్నానంతే.”

“అనలేదు సరే. అనకుండానే అన్నావు.”

“నువ్వాగు,” అని తమ్ముడు భార్యని కసిరి, అక్క వైపు తిరిగాడు. “ఒక్క మాట నిజం చెప్పక్కా. నువ్వు వెళ్లాలనుకుంటున్నావా, లేదా?”

“నేననుకోవడం ఏముంది. నాన్న ఏం చెబితే అదే అనుకున్నాం కదా.”

“అదే నేననేది. అన్నీ నాన్న మీద పెడతావు. వెళ్తానని నీ నోటితో నువ్వంటే చెడ్డదానివైపోతావు. ఆయన చేత అనిపిస్తే నీకు హాయి.”

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. అబద్ధమైతే అంత మండేది కాదు.

“మరి నువ్వు? మీ ఇంట్లో గది లేదని ఆయనతో ఒక్కసారైనా చెప్పావా? హోమ్‌లో తోట ఉంది నాన్నా, తోట ఉంది నాన్నా అని రాత్రి వల్లించావు. ఆయనకి తోటెందుకురా? ఆయనెప్పుడైనా ఒక మొక్కకి నీళ్లు పోశారా?”

“గది లేదని నేనన్నానా వదినా?” అంది మరదలు.

“నువ్వన్నావని నేనన్నానా?”

“ఇద్దరం పొద్దున పోయి రాత్రికొస్తాం. పగలంతా మామయ్యగారిని ఎవరు చూస్తారు? నేను ఉద్యోగం మానెయ్యాలా? మీరు మానెయ్యలేదు కదా. పక్కింటావిడకి తాళాలిచ్చి వెళ్తున్నారు. మొన్న ఆయన కింద పడి ఎంతసేపున్నారో మీకూ తెలీదు.”

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అక్క కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. మరదలు కూడా మాట జారినట్టుగా కొంగు సర్దుకుని లోపలికి పోయింది. తమ్ముడు కొత్త తీగ అట్టముక్కని మడతలు పెడుతూ ఉండిపోయాడు.

ఆయన వేలు మాత్రం ఆగలేదు. టక్. టక్. ఈసారి కాస్త త్వరగా, మీట మీంచి మీటకి తడుముకోకుండా.

“పాపం, కంగారు పడుతున్నారు,” అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. ఈసారి గొంతు పెంచలేదు.

వాడి ఫోన్ మోగింది. హోమ్ బండి డ్రైవరు దారి అడుగుతున్నాడు. సిగ్నల్ సరిగా లేదని తమ్ముడు బాల్కనీలోకి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, చివరి ప్రయత్నంగా, మానిటర్ తీగని ఒకసారి పీకి మళ్లీ గుచ్చి పోయాడు.

అప్పుడు చూసింది అక్క. మానిటర్ మూలన గింజంత దీపం. తీగ ఊడినప్పుడు నీలం పోయి నారింజ రంగైంది. తీగ దూరగానే మళ్లీ నీలమైంది.

ఆమె ఒంగి, తీగని తనే ఊడదీసింది. నారింజ. పెట్టింది. నీలం.

అంటే తెరకి బొమ్మ వస్తోంది. తీగలోనూ లోపం లేదు, డాక్‌లోనూ లేదు. బొమ్మ వచ్చి నల్లగా కూర్చుంది. చూడటానికి వెనక వెలుగు లేదు, అంతే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె చూసినవన్నీ ఫిల్ములే. చేత్తో పట్టుకుంటే నల్ల రేకు. దీపం పెట్టె మీద ఆనిస్తే పక్కటెముకలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. ఇదీ అలాంటిదే అయుంటుంది. ఈ మాట పొద్దున్నే తట్టనందుకు తనని తాను తిట్టుకుంది.

కిటికీ పరదా మూసేసింది. ఫోన్‌లో టార్చ్ వేసి, మానిటర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, వెలుగుని పక్కవాటంగా పెట్టింది. మొదట తన మొహమే కనబడింది. ఇంకాస్త వంచింది. అప్పుడు నలుపులోంచి ఇంకా చిక్కటి నలుపుగా అక్షరాలు తేలాయి. ఆయన చూపు కోసం తనే పెట్టిన పెద్ద పెద్ద అక్షరాలు. టార్చ్ పడినంత మేరే కనబడుతున్నాయి, జరిపితే మాయమైపోతున్నాయి.

వెనక టక్ టక్ ఆగిపోయింది. ఆయన చూస్తున్నారని ఆమెకి తెలుసు.

‘తెర నల్లగా ఉంది. అయినా రాస్తున్నా’ అని ఉంది పైన. దాని కింద ‘చిన్నోడిని అరవొద్దను’ అని ఉంది. ఇంకో వరస కింద ‘కోడలు చెప్పింది నిజమే. చాలాసేపు పడి ఉన్నా. నీకు చెప్పలేదు.’

ఈ పొద్దుటి పోట్లాటంతా అక్కడుంది. వీళ్లు ఒకరి మీద ఒకరు కారం చల్లుకుంటున్నంతసేపూ ఆయన ప్రతి మాటకీ జవాబు చెబుతూనే ఉన్నారు. కంగారనుకున్నారు వీళ్లు.

ఆమె వెలుగుని కిందికి జరిపింది. నిన్నటి నుంచి ఆమె ఒకే ఒక్క మాట కోసం మొహం వాచి ఉంది. వెళ్తాను అని ఆయన రాయాలి. ఆ హాస్టల్ గదిని మనసులో ఎప్పుడో సర్దుకుంది. ఒక మంచం, ఒక కిటికీ, తలుపు వేసుకుంటే ఎవరి దగ్గుకీ చెవి ఒగ్గక్కర్లేని నిద్ర. పెళ్లి వయసు ఈ ఇంట్లోనే దాటిపోయింది, దానికి ఆమె ఏడవలేదు. ఈ ఒక్క గదీ పోతే ఏడుస్తుంది.

‘హోమ్‌కి వెళ్లను’ అని ఉంది అక్కడ.

దాని కింద, ‘నువ్వు వెళ్లకు పెద్దమ్మాయ్. నాకు భయంగా ఉంది.’

భయం అనే మాట ఆయన నోట ఆమె ఎన్నడూ వినలేదు. పరంజా మీంచి జారి కాలు విరిగినప్పుడూ వినలేదు, అమ్మ పోయినప్పుడూ వినలేదు.

ఆ కింద, అన్నిటికన్నా చివర, ఒక్క ముక్క.

‘చదువు.’

ఆమె నోరు తెరిచింది. హోమ్‌కి వెళ్లను. ఆ రెండు మాటలు పైకి చదవడానికి ఎంతసేపు పడుతుంది? చదివేస్తే ఆయన చెప్పినట్టవుతుంది. తమ్ముడు మాటిచ్చాడు కనక బండి తిరిగి వెళ్లిపోతుంది. సూపరింటెండెంట్‌కి రాలేనని చెప్పాలి. రేపు పక్కింటావిడకి తాళాలివ్వాలి. ఎల్లుండీ ఇవ్వాలి.

“ఏమైనా కనబడుతోందా?” అన్నాడు తమ్ముడు బాల్కనీలోంచి వస్తూ. “బండి సందు మొదట్లో ఉందట.”

ఆమె ఫోన్ కిందికి దించింది. వెలుగు నేల మీద పడింది. తెర మళ్లీ ఉత్త నలుపైపోయింది.

“లేదు,” అంది. “ఏమీ లేదు. నల్లగా ఉంది.”

ఆ గొంతు తనదిలా లేదు. అయినా తనదే.

తమ్ముడు నిట్టూర్చాడు. వాడికి బాధగానే ఉంది, తేలిగ్గానూ ఉంది. రెండూ ఒకే మొహంలో కనబడ్డాయి. “పోనీ ఆపేసి చూడనా ఇప్పుడైనా? చివరిసారి.”

వాడు లాప్‌టాప్ మీదికి వంగి బటన్ మీద వేలు పెట్టి, ఆమె చెయ్యి వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగాడు. రాలేదు. గట్టిగా నొక్కిపట్టాడు. లోపల తిరుగుతున్న ఫ్యాన్ మూలిగి ఆగిపోయింది. మానిటర్ మూలన నీలం దీపం నారింజ రంగైంది.

వాడు మళ్లీ వేశాడు. దీపం నీలమైంది. తెర నల్లగానే ఉంది. ఆ నలుపు వెనక ఇప్పుడు నిజంగానే ఏమీ లేదు.

కుర్చీ చేతి మీద గోటి చప్పుడు కోసం ఆమె ఎదురుచూసింది. చదవలేదేమని ఆయన కొట్టాలి. కొడితే తిరిగి చూసేది, చూస్తే చెప్పేసేది. ఆయన కొట్టలేదు. కీబోర్డుని ఎడమచేత్తో మెల్లగా మోకాళ్ల చివరికి తోశారు. ఎప్పుడో పలకని తోసినట్టే.

తమ్ముడు వచ్చి కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పుడు తప్పుచేసి ఆయన ముందు నిలబడ్డ మొహమే పెట్టాడు.

“నాన్నా, ఇది బాగయ్యేలా లేదు. నీకు తల ఊపడం ఇష్టముండదని తెలుసు. కానీ వేరే దారి లేదు. వెళ్దామా? హోమ్‌కి?”

ఆయన కొడుకుని చూడలేదు. కొడుకు భుజం మీదుగా కూతుర్ని చూశారు. కోపంగా చూస్తే భరించేది. పని ముగిశాక బోర్డు వంక చూసుకున్నట్టు, తప్పేమైనా ఉందా అన్నట్టు, పైనుంచి కిందిదాకా నిదానంగా చూశారు.

చూసి, తల ఊపారు.

“చూశావా అక్కా,” అన్నాడు తమ్ముడు. “ఒప్పుకున్నారు. నాన్న ఒప్పుకున్నారు.”

కింద బండి ఆగిన చప్పుడైంది. ఆమె చేతిలో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. సూపరింటెండెంట్ పేరు వెలుగుతోంది. ఆమె ఎత్తలేదు.

తండ్రి బట్టల సంచీ పట్టుకుని మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటినుంచి ఉందో ఎవరూ చూడలేదు. ఆమె కళ్లు ముందు నల్లటి తెర మీదికి, అక్కణ్నుంచి వదిన చేతి మీదికి వచ్చాయి.

“టార్చ్ ఇంకా వెలుగుతూనే ఉంది వదినా,” అంది.